బ్రిటన్‌లో పాత చర్చీలు, చాపెళ్ళు చూడాలనుకునేవాళ్ళకు

ఇంగ్లండు పల్లెటూళ్ళో పాత చర్చి తలుపు తోస్తే చాలాసార్లు కదలదు. తాళం వేశారనుకుని వెనక్కి తిరగకండి. అది బరువైన ఓక్ చెక్క తలుపు. దానికి అరచేతంత ఇనుప కడియం వేలాడుతుంది. దాన్ని గట్టిగా పట్టుకుని కుడికి తిప్పండి, రాకపోతే ఎడమకు తిప్పండి. లోపల గడియ పైకి లేచిన చప్పుడు వినపడగానే భుజం ఆనించి తోయండి. తెరుచుకుంటుంది.

ఈ దేశానికి వచ్చిన మనవాళ్ళలో చాలామంది వెస్ట్‌మినిస్టర్ ఆబీ చూసి, సెయింట్ పాల్స్ ముందు ఫొటో దిగి, ఇక చర్చీలు చూడటం అయిపోయిందనుకుంటారు. అవి చూడాల్సినవే, కాదనను. కానీ టికెట్టు లేకుండా, క్యూ లేకుండా, ఎనిమిది వందల ఏళ్ళ నాటి గోడల మధ్య మీరొక్కరే గంటసేపు కూర్చోగలిగిన చోట్లు ఇక్కడ వేలల్లో ఉన్నాయి. ఇంగ్లండు రాజ్యపు అధికారిక చర్చి అయిన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఒక్కదాని చేతిలోనే దాదాపు 16,000 చర్చి భవనాలున్నాయి. అందులో 12,000కు పైగా చట్టం కింద రక్షణ ఉన్న చారిత్రక కట్టడాలు. దానిలో చేరకుండా వేరుగా ఆరాధించే మెథడిస్టులు, బాప్టిస్టులు, క్వేకర్లు, యూనిటేరియన్లు కట్టుకున్న చాపెళ్ళు ఇవి కాక.

నేను లెస్టర్‌లో నర్సును, సొంతూరు బందరు. షిఫ్టుల మూలంగా నాకు సెలవు తరచూ వారం మధ్యలో వస్తుంది. ఆ రోజుల్లో బస్సెక్కి చుట్టుపక్కల ఊళ్ళలో చర్చీలు చూస్తుంటాను. నేను క్రైస్తవురాలిని కాను. నువ్వెవరు, ఎందుకొచ్చావని ఇన్నేళ్ళలో ఏ చర్చిలోనూ ఎవరూ అడగలేదు. "మనం వెళ్ళొచ్చా?" అని మొహమాటపడేవాళ్ళకు ఇదే నా జవాబు. నిస్సందేహంగా వెళ్ళొచ్చు.

ఎప్పుడు వెళ్ళాలి, తెరిచి ఉందని ఎలా తెలుస్తుంది

మామూలు రోజుల్లో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు లోపు వెళ్తే మంచిది. చలికాలంలో మూడింటికే లోపల చీకటి పడుతుంది, కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుంది, శనివారం మధ్యాహ్నం పెళ్ళిళ్ళుంటాయి. ఆరాధన మధ్యలో చేరుకుంటే రెండే దారులు: వెనక బెంచీలో కూర్చుని చివరిదాకా ఉండటం, లేదా బయట సమాధుల తోటలో తిరిగి తర్వాత రావటం. ప్రార్థన జరుగుతుండగా పక్క వరసల్లో తిరుగుతూ ఫొటోలు తీయటం మాత్రం వద్దు.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ చర్చీల వేళలు 'ఎ చర్చ్ నియర్ యూ' అనే వాళ్ళ వెబ్‌సైటులో దొరుకుతాయి. ప్రార్థనలు ఆగిపోయిన పాత చర్చీలను చర్చెస్ కన్సర్వేషన్ ట్రస్ట్ చూసుకుంటుంది. 1969లో మొదలైన ఆ సంస్థ చేతిలో ఇప్పుడు 350కి పైగా చర్చీలున్నాయి. 1957లో పుట్టిన ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రెండ్‌లెస్ చర్చెస్ అనే మరో సంస్థ ఇంగ్లండులోనూ వేల్స్‌లోనూ దిక్కులేని చర్చీలను కాపాడుతోంది. ఎవరూ లేని చోట కూర్చోవాలనిపిస్తే ముందు ఈ రెండు సంస్థల జాబితాలు చూడండి.

బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపులు చదవటం వస్తే ఇంకా హాయి. నల్ల చతురస్రం మీద శిలువ గుర్తుంటే ఆ చర్చికి టవర్ ఉన్నట్టు. నల్ల గుండ్రం మీద శిలువ ఉంటే సూది శిఖరమో గుమ్మటమో ఉన్నట్టు. ఉత్త శిలువ ఒక్కటే ఉంటే రెండూ లేవు, చాలాసార్లు అది చిన్న చాపెల్ అయి ఉంటుంది.

నిజంగానే తాళం ఉంటే ముఖమండపంలో నోటీసు బోర్డు చదవండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో రాసి ఉంటుంది. ఫోన్ చేయడానికి సంకోచించకండి. "గుడ్ మార్నింగ్, చర్చి చూడటానికి వచ్చాం, తాళంచెవి దొరుకుతుందా?" అంటే చాలు. చాలాచోట్ల డెబ్బై దాటిన పెద్దావిడో పెద్దాయనో తాళంచెవి తీసుకుని మెల్లగా నడుచుకుంటూ వస్తారు. వాళ్ళు వస్తే మీ అదృష్టం. ఏ పుస్తకంలోనూ లేని సంగతులు చెబుతారు. "ఇందులో అన్నిటికంటే పాత భాగం ఏది?" అని ఒక్క ప్రశ్న అడిగి, ఆ తర్వాత వింటూ ఉండండి.

ఏం తీసుకెళ్ళాలి

స్వెటర్ ముఖ్యం. జూలైలో కూడా రాతి గోడల లోపల బయటికంటే చలిగా ఉంటుంది. చిన్న టార్చి, కప్పు మీది చెక్కడాలు చూడటానికి వీలైతే బైనాక్యులర్, బురదకు తట్టుకునే బూట్లు పెట్టుకోండి. బాత్రూమ్ చాలా పల్లెటూరి చర్చీల్లో ఉండదు, ముందే చూసుకుని బయల్దేరాలి. తినేది ఏదైనా బయట బెంచీ మీదే తినండి. నేను పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ తీసుకెళ్తాను. తిన్నాక చెత్త మళ్ళీ బ్యాగులోకే.

మా అమ్మ వచ్చినప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోయింది. ఇక్కడ విప్పక్కర్లేదు, నేల రాయి, కాళ్ళు గడ్డకట్టుకుపోతాయి. బూట్లకు బురద ఉంటే మాత్రం ముఖమండపంలోనే దులుపుకోవాలి. మగవాళ్ళు టోపీ తీయటం మర్యాద. తలుపు బయట ఇనుప జాలీ తలుపు కూడా ఉంటే, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ తప్పకుండా మూయండి. పిచ్చుకో స్వాలో పిట్టో లోపలికి దూరితే దారి తెలియక కిటికీలకు కొట్టుకుని, నీళ్ళు లేక చచ్చిపోతుంది.

ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవడానికి ఊళ్ళలో చర్చీలు సాధారణంగా అభ్యంతరం చెప్పవు. పేరున్న చోట్ల నియమాలు వేరు. స్కాట్లండులో 1446లో మొదలైన రోస్లిన్ చాపెల్‌కు టికెట్టుంది, లోపల ఫొటోలు తీయనివ్వరు.

ముందు బయట ఒక చుట్టు

తలుపు కనపడగానే లోపలికి వెళ్ళిపోవద్దు. గుడికి ప్రదక్షిణ చేసినట్టు ముందు చుట్టూ ఒకసారి నడవండి. బలిపీఠం తూర్పు కొసన ఉంటుంది, టవర్ ఎక్కువగా పడమటి కొసన. తలుపు చాలాచోట్ల దక్షిణం వైపు. దిక్కులు తెలిశాక మిగతావి వాటంతట అవే అర్థమవుతాయి.

దక్షిణపు గోడ మీద తలుపు చుట్టుపక్కల రాళ్ళను దగ్గరగా చూడండి. వేలు పట్టేంత చిన్న రంధ్రం, దాని నుంచి కిందికి విప్పారిన గీతలు కనిపించవచ్చు. అది ఎండ గడియారం. రంధ్రంలో పుల్ల పెట్టి, నీడ ఏ గీత మీద పడిందో చూసి ప్రార్థన వేళ తెలుసుకునేవాళ్ళు. టవర్‌కు తూర్పు ముఖాన, ఇప్పటి కప్పుకు పైన, తిరగేసిన 'వి' ఆకారంలో మచ్చ ఉందేమో చూడండి. ఒకప్పటి ఏటవాలు కప్పు అంత ఎత్తున ఉండేదని ఆ మచ్చ చెబుతుంది.

తోరణాలు చూసి కాలం చెప్పటం నేర్చుకోవడానికి ఒక్క పూట చాలు. అర్ధచంద్రాకారంలో గుండ్రంగా ఉంటే సుమారు 1200కు ముందుది, 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మన్లదో, అంతకుముందు ఇక్కడ ఉన్న శాక్సన్లదో. మొనదేలి ఉంటే ఆ తర్వాతది. గోడంతా కిటికీలే అన్నట్టు పెద్ద పెద్ద అద్దాలు, నిటారు రాతి కమ్మీలు ఉంటే 14వ శతాబ్దపు రెండో సగం నుంచి 16వ శతాబ్దపు మొదటి భాగం దాకా ఎప్పటిదైనా కావచ్చు. ఒకే చర్చిలో మూడూ కనిపిస్తాయి. ఉన్నదాన్ని కూల్చి కొత్తది కట్టేంత డబ్బు ఊరికి ఉండేది కాదు. ప్రతి తరం ఒక ముక్క చేర్చింది, ఒక ముక్క మార్చింది.

ఇంకా పాతవి చూడాలంటే నార్తాంప్టన్ దగ్గర బ్రిక్స్‌వర్త్ వెళ్ళండి. సుమారు 1,200 ఏళ్ళ నాటి శాక్సన్ చర్చి. దాని తోరణాల్లో పేర్చిన పలుచని ఎర్ర ఇటుకలు రోమన్లవి, శిథిలాల నుంచి ఏరి తెచ్చి వాడారు. ఉత్తరాన డరమ్ ప్రాంతంలో ఎస్కమ్ అనే ఊళ్ళో 7వ శతాబ్దపు చర్చి కూడా అంతే. దగ్గర్లోని రోమన్ కోట రాళ్ళతో కట్టారు. రోమన్ సైన్యంలో ఆరో లీజియన్ అనే దళం పేరు చెక్కిన రాయి ఒకటి గోడలో తలకిందులుగా ఉంది. కట్టిన మేస్త్రీకి అందులో అక్షరాలు ముఖ్యం కాదు, రాయి కొలత సరిపోయింది, అంతే.

లోపల

లైటు స్విచ్ తలుపు పక్కనే ఉంటుంది, కొన్నిచోట్ల మీరు అడుగు పెట్టగానే దీపాలు వాటంతటవే వెలుగుతాయి. అయినా వెంటనే వేయకండి. ఒక బెంచీలో కూర్చుని కళ్ళు అలవాటు పడనివ్వండి. తర్వాత పడమటి కొసన మొదలుపెట్టి తూర్పుకు రండి.

తలుపు దగ్గర బాప్తిస్మం తొట్టి ఉంటుంది. చాలా ఊళ్ళలో చర్చిలోకెల్లా పాత వస్తువు అదే. అక్కణ్ణుంచి జనం కూర్చునే పెద్ద భాగం నేవ్, దాటితే పాదిరీల భాగం చాన్సెల్. రెంటి మధ్యా ఒక తోరణం, కొన్నిచోట్ల చెక్క జాలీ తెర. ఆ తోరణం పైన ఖాళీ గోడను చూడండి. మధ్యయుగంలో చాలా చర్చీల్లో అక్కడ అంతిమ తీర్పు చిత్రం ఉండేది: ఒక పక్క స్వర్గం, ఒక పక్క నరకం, మధ్యలో ఆత్మల్ని త్రాసులో తూచే దేవదూత. చదువు రాని జనం ప్రతి వారం తల ఎత్తి దాన్ని చూసేవాళ్ళు. 16వ శతాబ్దంలో ఇంగ్లండు చర్చి రోమ్ పోపు అధికారం నుంచి విడిపోయాక విగ్రహాలు కూల్చారు, బొమ్మల మీద సున్నం కొట్టారు. బొమ్మల స్థానంలో పది ఆజ్ఞల పలకలు, రాజముద్ర వచ్చాయి. ఆ రాజముద్ర పలక ఇప్పటికీ చాలాచోట్ల తలుపు పైన వేలాడుతుంది.

సఫోక్‌లో వెన్‌హాస్టన్ అనే చిన్న ఊళ్ళో ఏం జరిగిందో చెబుతాను. 1892లో అక్కడ చర్చి మరమ్మతు చేస్తూ తోరణంలో ఉన్న సున్నం కొట్టిన పాత చెక్కల్ని తీసి బయట పడేశారు. రాత్రి వాన పడింది. సున్నం కరిగి కారిపోయి, తెల్లారేసరికి చెక్కల మీద రంగుల బొమ్మలు బయటపడ్డాయి. 15వ శతాబ్దపు అంతిమ తీర్పు చిత్రం అది. ఇప్పుడు చర్చి లోపలే ఉంది, దగ్గరగా నిలబడి చూడొచ్చు. కిరీటం పెట్టుకున్న రాజు, టోపీ పెట్టుకున్న బిషప్పు, ఒంటి మీద బట్టలు లేకుండా అందరితో పాటు వరసలో నిలబడి ఉంటారు. మధ్యలో రంగు లేని ఖాళీ ఆకారాలు కనిపిస్తాయి. అక్కడ ఒకప్పుడు శిలువ, దానికిరువైపులా చెక్క విగ్రహాలు నిలబెట్టారు, వాటి వెనక రంగు వేయలేదు. ఆ ఖాళీల దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. పోయిన విగ్రహాల రూపురేఖలు వాటిలోనే మిగిలాయి.

టార్చి ఇలాంటి చోట్ల కాదు, గోడల మీద గీతలకు వాడండి. వెలుగును గోడకు ఎదురుగా కాకుండా పక్కనుంచి, గోడకు ఆనించినట్టు వేయాలి. అప్పుడు కంటికి ఆనని గీతలు నీడలతో పైకి తేలతాయి. హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో యాష్‌వెల్ చర్చికి అందుకోసమే వెళ్ళాను. ప్లేగు ఊళ్ళను ఊడ్చేసిన రోజుల్లో, 1350 ప్రాంతంలో, ఎవరో టవర్ గోడ మీద లాటిన్‌లో ఆ కష్టం గీశారు. తర్వాత వచ్చిన పెనుగాలి గురించి కూడా ఉంది. పక్కనే పాత సెయింట్ పాల్స్ కెథెడ్రల్ బొమ్మ. వార్డులో కోవిడ్ రోజులు చూసినదాన్ని, ఆ గోడ ముందు కళ్ళు తుడుచుకున్నాను. లండన్ నుంచి కేంబ్రిడ్జి వెళ్ళే రైలు మార్గంలో స్టేషనుంది, అక్కణ్ణుంచి ఊరికి దాదాపు రెండు మైళ్ళ నడక.

ఒక మూల మూడు తాళాల చెక్కపెట్టె కనిపిస్తే దాటి వెళ్ళకండి. ఒక తాళంచెవి పాదిరీది, రెండు ఊరి పెద్దలవి. ముగ్గురూ కలిస్తేనే తెరవగలరు. ప్రతి ఊరి చర్చీ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధుల చిట్టా రాయాలని 1538లో ఆజ్ఞ వచ్చింది. ఆ చిట్టాలు ఇలాంటి పెట్టెల్లోనే దాచేవాళ్ళు.

చాపెళ్ళ సంగతి వేరు

చాపెల్‌లో ఇవేవీ వెతకొద్దు. రాజు చర్చితో పొసగనివాళ్ళు కట్టుకున్నవి ఇవి. 1689లో చట్టం వాళ్ళను సహించేదాకా చాటుగా కలుసుకునేవాళ్ళు, తర్వాత ఇటుకలతో సాదాగా కట్టుకున్నారు. లెస్టర్ ఊరి మధ్యలో 1708లో కట్టిన గ్రేట్ మీటింగ్ అలాంటిదే. సఫోక్‌లో వాల్పోల్ ఓల్డ్ చాపెల్ అసలు ఒక రైతు ఇల్లు, దాన్నే మార్చి వాడుకున్నారు. ఇలాంటి చోట్ల చూడాల్సింది ప్రసంగ వేదిక. బలిపీఠం కాదు, వాక్యం చెప్పే మనిషే మధ్యలో ఉంటాడు. మూడు వైపులా మేడ బెంచీలు, గొంతు అందరికీ వినపడేలా. కిటికీలకు రంగుల అద్దాలు ఉండవు, మామూలు వెలుగు వస్తుంది. మౌనంగా కూర్చుని ప్రార్థించే క్వేకర్ల మీటింగ్ హౌసుల్లో ప్రసంగ వేదిక కూడా ఉండదు. సెడ్‌బర్గ్ దగ్గర బ్రిగ్‌ఫ్లాట్స్ 1675 నాటిది, అంటే ఆ చట్టం రాకముందే, పట్టుబడితే శిక్ష అని తెలిసీ కట్టారు.

వేల్స్ వెళ్తే ప్రతి వీధిలో ఒక చాపెల్, ముఖాన కట్టిన సంవత్సరం, పేరు. బేతేలు, సీయోను, ఎబెనెజరు, సాలేము. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పెరిగిన ఎవరికైనా ఈ పేర్లు కొత్త కాదు. ట్రెగారన్ అవతల కొండల్లో సోర్ ఎ మనిద్ అని 1822 నాటి చాపెల్ ఉంది. చుట్టూ ఊరే లేదు. గొర్రెల కాపర్లు గుర్రాల మీద వచ్చేవాళ్ళు. కారు లేకుండా అక్కడికి వెళ్ళడం కష్టం.

చాపెళ్ళకు మామూలు రోజుల్లో తాళాలుంటాయి, ముందు ఫోన్ చేయక తప్పదు. మన భాషతో ముడిపడిన చాపెల్ ఒకటి నార్తాంప్టన్ పక్కన మౌల్టన్‌లో ఉంది. బాప్టిస్టు పాదిరీ విలియం కేరీ 1785 నుంచి 1789 దాకా అక్కడ బూట్లు కుడుతూ, పిల్లలకు చదువు చెబుతూ ప్రసంగాలు చేశాడు. తర్వాత లెస్టర్ వచ్చాడు, 1793లో బెంగాల్ వెళ్ళాడు. అక్కడి శ్రీరాంపురంలో ఆయన తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది, తెలుగు కొత్త నిబంధన 1818లో. మౌల్టన్‌లో చాపెల్ పక్కనే ఆయన ఉన్న ఇల్లు ఉంది.

లెస్టర్, మెల్టన్ మోబ్రే మధ్య ఫ్రిస్బీ అనే ఊరికి నేను మా నాన్న కోసం వెళ్ళాను. నాన్న బందరు నోబుల్ కాలేజీ విద్యార్థి. ఆ కాలేజీకి పేరిచ్చిన రాబర్ట్ నోబుల్ ఫ్రిస్బీ పాదిరీ గారి అబ్బాయి. 1841లో బందరు వచ్చి, 1843లో బడి పెట్టి, 1865లో అక్కడే చనిపోయాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. ఆ చర్చి వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న కాసేపు మాట్లాడలేదు. మీ ఊరి బడికో ఆసుపత్రికో ఏ దొర పేరుందో చూసి, ఆ మనిషి పుట్టిన ఊరు ఎక్కడో వెతికి వెళ్ళండి.

మొదటి రోజు ఎక్కడికి

ఇంగ్లండు నడిమి ప్రాంతం మిడ్‌లాండ్స్‌లో ఉంటే నేను చెప్పే జంట ఇది. ఉదయం బ్రీడన్ ఆన్ ది హిల్. కొండ అంచున చర్చి, కొండలో సగం క్వారీ తినేసింది. లోపలి గోడల్లో ఎనిమిది, తొమ్మిదో శతాబ్దాల శాక్సన్ చెక్కడాలు, జానెడు వెడల్పు పట్టీలుగా: తీగలు, పక్షులు, గుర్రపు రౌతులు. పక్కన షర్లీ అనే జమీందారీ వంశం వాళ్ళ సమాధులు, చర్చిలో వాళ్ళు కూర్చోవడానికి 1627లో చెక్కతో చేయించుకున్న గది. మధ్యాహ్నం దగ్గర్లోనే స్టాంటన్ హెరాల్డ్. రాజును తొలగించి క్రామ్‌వెల్ ఏలుతూ దాదాపు ఎవరూ చర్చి కట్టని కాలంలో, 1653లో, అదే వంశపు రాబర్ట్ షర్లీ అక్కడ కొత్త చర్చి మొదలుపెట్టాడు. రాజు పక్షాన నిలిచి జైలుపాలై 1656లో లండన్ టవర్‌లోనే చనిపోయాడు. చెడ్డ కాలంలో మంచి పని చేశాడని తలుపు పైన రాయి మీద చెక్కారు. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది కాబట్టి తెరిచే రోజులు ముందే చూసుకోవాలి.

పెద్దవాళ్ళను తీసుకెళ్తుంటే మెట్లు తక్కువున్నవి ఎంచుకోండి. యార్క్‌షైర్ సముద్రతీరాన విట్‌బీలో సెయింట్ మేరీ చర్చికి 199 మెట్లు. మోకాళ్ళు బాగుంటే మాత్రం వదలొద్దు. తలుపులున్న పెట్టెల్లాంటి పాత బెంచీలు అంత నిండుగా మిగిలిన చర్చీలు తక్కువ. వాటిలో కొన్నింటి మీద, కొత్తవాళ్ళకు మాత్రమే అని రాసి ఉంటుంది. మీరు కూర్చోవాల్సింది అక్కడే.

బయటికి వచ్చే ముందు సందర్శకుల పుస్తకంలో పేరు, ఊరు రాయండి. బందరు అని రాయండి, హనుమకొండ అని రాయండి. ఎంతమంది వస్తున్నారో చూపించి వాళ్ళు మరమ్మతుల గ్రాంట్లు అడుగుతారు. డబ్బు వేయడానికి గోడలో చిన్న ఇనుప పెట్టె ఉంటుంది, ఇప్పుడు చాలాచోట్ల కార్డు మెషీన్ కూడా. నేను ఐదు పౌండ్లు వేస్తాను. కప్పు మీది సీసపు రేకులు దొంగలెత్తుకెళ్ళినా, గోడ బీటలు వారినా, మరమ్మతు భారం చాలావరకు ఆదివారం వచ్చే ఆ ఇరవై ముప్పై మంది మీదే పడుతుంది.

తాళాల బెడద లేకుండా ఒకేరోజు చాలా చూడాలనుకుంటే సెప్టెంబరులో రెండో శనివారం ఖాళీ పెట్టుకోండి. రైడ్ అండ్ స్ట్రైడ్ పేరుతో ఇంగ్లండులో చాలా జిల్లాల్లో ఆ రోజు చర్చీలు, చాపెళ్ళు తెరిచి ఉంచుతారు. సైకిళ్ళ మీద, నడిచి వచ్చేవాళ్ళు చందాలు పోగుచేస్తారు, గుమ్మంలో బిస్కెట్లు, నిమ్మరసం పెడతారు. ఆ నెలలోనే హెరిటేజ్ ఓపెన్ డేస్ కూడా వస్తాయి. ఏడాదంతా తాళం వేసి ఉండే చాపెళ్ళు అప్పుడు తెరుస్తారు. జాబితా ముందుగానే వస్తుంది, కొన్నింటికి పేరు నమోదు చేసుకోవాలి.